ఆదివారం పొద్దున్న కొట్టిన మందు

గుమ్మడి పువ్వు నిలువుకోత బొమ్మను నల్లబల్ల మీద పుస్తకం చూడకుండా గీయగలను. పద్దెనిమిదేళ్ళుగా జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. మగపువ్వుకు సన్నని పొడుగాటి కాడ ఉంటుంది. ఆడపువ్వుకు రేకుల కింద గోళీకాయంత బుడిపె ఉంటుంది, అదే తర్వాత కాయ అవుతుంది. ఈ రెండు వాక్యాలు ఎన్ని వందల మంది పిల్లల చేత రాయించానో లెక్కలేదు. ఇంత తెలిసిన నాకు నా పెరట్లో పనికొచ్చే గుమ్మడికాయ ఒకటి పండించడానికి నాలుగు వర్షాకాలాలు పట్టింది. ఇప్పుడైతే ఎవరు గింజ తెచ్చిచ్చినా కాయ చేతిలో పెట్టగలను. ఆ ధీమా నాకు పుస్తకంలోంచి రాలేదు.

గరివిడి కాలేజీకి బదిలీ అయినప్పుడు ఊరి చివర ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాం. మా ఆయన రోజూ పొద్దున్న రైల్లో విజయనగరం వెళ్ళి రాత్రికి వస్తారు. ఇంటి వెనక ఐదు సెంట్ల ఖాళీ జాగా, ఛాతీ ఎత్తు గోడ, ఆ గోడ అవతల ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయి చాలా కాలమైంది. ఊళ్ళోని బాప్టిస్టు చర్చిలో ఆమెది పాత కుటుంబం. అరవై అయిదేళ్ళ మనిషి, తెల్లవారకముందే లేచి పెరడంతా ఒకసారి తిరిగి వస్తేగాని పళ్ళు తోముకోదు. నేను ఆమెను పిన్ని అనేదాన్ని. ఆమె నన్ను మొదట్లో మేడమ్‌గోరు అనేది.

మొదటి ఏడు జూన్‌లో, తొలకరి పడగానే, బజార్లో హైబ్రిడ్ గింజల ప్యాకెట్ కొన్నాను. ఒకే గొయ్యి తవ్వి ఎనిమిది గింజలు పెట్టాను. కొన్ని మొలవకపోతే మిగతావి ఉంటాయని నా లెక్క. ఎనిమిదీ మొలిచాయి. గోడ మీద మోచేతులు ఆనించి పిన్ని చూసింది.

"రెండు ఉంచి మిగతావి పీకీండి మేడమ్‌గోరూ. ఒక పాదులో అన్ని మొక్కలెందుకేటి?"

పీకబుద్ధి కాలేదు. ఎనిమిదీ ఒకదాన్ని మించి ఒకటి బలంగా ఉన్నాయి. పైగా ఆకు కాస్త లేతగా కనిపించిందని గుప్పెడు యూరియా వేశాను. పదిహేను రోజులకు మరో గుప్పెడు. ఇక ఆ తీగలు చూడాలి. గోడెక్కాయి, స్నానాల గది రేకు మీదికి పాకాయి, బట్టలారేసే తీగను చుట్టుకున్నాయి. ఒక్కో ఆకు విస్తరాకంత ఉండేది. వచ్చిన వాళ్ళందరికీ చూపించేదాన్ని. ఆగస్టు నిండా పువ్వులే, అన్నీ సన్నకాడ పువ్వులే. సెప్టెంబరు చివర్లో పిడికెడంత కాయ ఒకటి కనిపించింది. తడినేల మీద పడుకుని అడుగుభాగం కుళ్ళిపోయి ఉంది. ఎత్తితే చేతిలోకి సగమే వచ్చింది.

"ఆకు బాగున్నాది" అంది పిన్ని. "ఆవు ఉంటే మేపుకోడానికి సరిపోతాది."

ఆమె ఎగతాళి చెయ్యలేదు, ఉన్న మాటే అంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకులకే పోతుందని, పూత ఆలస్యమవుతుందని ఆ వారమే క్లాసులో చెప్పాను. చెబుతూ చెబుతూ నా నోట్సులోని వాక్యం దగ్గర ఒక క్షణం ఆగిపోయాను. పిల్లలు నేను తర్వాతి పాయింటు మరిచిపోయాననుకుని ఉంటారు.

రెండో ఏడు తప్పు చెయ్యకూడదనుకున్నాను. రెండు పాదులు, పాదుకు రెండే మొక్కలు, బాగా చివికిన పశువుల గత్తం. యూరియా ముట్టుకోలేదు. పిన్ని కూడా తన వైపు నాటు గుమ్మడి, దోస పెట్టింది. ఆమె గుమ్మడి గింజ వాళ్ళత్తగారి కాలం నుంచి వస్తున్నది. చర్చిలో కోతల పండుగకు ప్రతి ఏడాదీ తొలికాయ ఆమె మోసుకెళ్ళి ప్రభు బల్ల ముందు పెడుతుంది. ఆ కాయను వేలంలో పాడుకోడానికి ఎదురుచూసే వాళ్ళున్నారని ఆమే ఒకసారి గర్వంగా చెప్పింది.

జూలైలో ఎర్రపెంకు పురుగులు వచ్చాయి. గోరంత పురుగు, నారింజ రంగు వీపు. రెండ్రోజుల్లో ఆకుల్ని జల్లెడ చేసేశాయి.

"పొద్దున్నే మంచు తడి ఉండగా బూడిద సల్లండి" అంది పిన్ని. "నాను అదే సల్తన్నాను. కొన్ని తింతాయి, తిననీండి. అన్నీ తినీవు."

నాకు అంత ఓపిక లేదు. పురుగుమందుల షాపుకెళ్ళి ఒక సీసా, చేతి స్ప్రేయర్ కొనుక్కొచ్చాను. మామూలు రోజుల్లో ఎనిమిదికల్లా కాలేజీకి బయలుదేరాలి కాబట్టి ఆదివారం పొద్దున్న ఏడింటికి మందు కొట్టాను. తీగ మొదలు నుంచి చివరిదాకా, ఆకు పైనా కిందా, పువ్వుల్ని కూడా వదలకుండా కొట్టాను. అలా మూడు ఆదివారాలు. మూడో వారానికి ఒక్క పురుగు లేదు. గోడ దగ్గరికి పిన్నిని పిలిచి మరీ చూపించాను. ఆమె తన బూడిద పూసిన ఆకుల వంక, నా శుభ్రమైన ఆకుల వంక చూసి, "సదువుకున్నోలు గదా" అంది.

ఆగస్టులో ఆడపువ్వులు మొదలయ్యాయి. నా సంతోషం చెప్పలేను. పువ్వు విచ్చుకున్న నాలుగో రోజుకు పిందె పసుపుబారేది, ఆరో రోజుకు ముడుచుకుని రాలిపోయేది. ఒకటి కాదు రెండు కాదు, పదకొండు. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని తగ్గించాను. తక్కువయ్యాయేమో అని పెంచాను. గోడ అవతల కూడా అదే వరస. పిన్ని గుమ్మడి పిందెలన్నీ రాలిపోతున్నాయి. దోస వంకర తిరిగి, ఒక కొస లావుగా ఒక కొస సన్నంగా కాస్తోంది.

ఆమె నాలాగా నీళ్ళ గురించి ఆలోచించలేదు. ఆమెకు కారణం ముందే తెలుసు.

"మా ఆడపడుసు వచ్చినాది గదా ఆ మజ్జిన. ఇదిగో ఒకటి, అదిగో రెండు అని ఏలు పెట్టి పిందెలు లెక్కెట్టినాది. ఏలు సూపిస్తే గుమ్మడి నిలుస్తాదేటి?"

"మీరు చర్చికి వెళ్ళేవారు, ఇలాంటివి నమ్ముతారా పిన్నీ?" అన్నాను.

"దేవుడు ఏరు, గుమ్మడి ఏరు" అంది.

ఆడపడుచు ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ళ అవతల. ఇద్దరూ ఒకే ఈడు వాళ్ళు, ఆదివారం చర్చికి కలిసి నడిచేవాళ్ళు. ఆ నెలంతా పిన్ని ఒక్కతే వెళ్ళడం చూశాను. కుళాయి దగ్గర ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా నీళ్ళు పట్టుకోవడం కూడా చూశాను. ముసలివాళ్ళ చాదస్తం అని నవ్వుకుని నా పనిలో పడ్డాను.

సెప్టెంబరు మొదటివారంలో పరాగసంపర్కం పాఠం వచ్చింది. పిల్లలకు చూపించడానికి మా పెరటి మగపువ్వులు కోసుకెళ్దామని బుట్ట పట్టుకుని దిగాను. ఆరున్నర అయుంటుంది. మూడో పువ్వు కోసి, లోపల చీమలుంటాయని దులపబోయాను. పువ్వు అడుగున రెండు తేనెటీగలు చచ్చి ఉన్నాయి. కాళ్ళకు ఇంకా పుప్పొడి ముద్దలు అంటుకునే ఉన్నాయి.

అప్పుడు నిలబడి ఆ పెరడంతా చూశాను, విన్నాను. ముందటేడు, ఒట్టి మగపువ్వులే ఉన్నప్పుడు కూడా, ఆ వేళకు పెరడంతా రొదగా ఉండేది. కాఫీ గ్లాసుతో బయటికొస్తే ఒకటో రెండో మొహం చుట్టూ తిరిగేవి. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. గుమ్మడి పువ్వు తెల్లవారి ఆరింటికల్లా విచ్చుకుని పది గంటలకల్లా ముడుచుకుంటుంది. తేనెటీగ వచ్చేది ఆ నాలుగు గంటల్లోనే. నేను మందు కొట్టింది సరిగ్గా ఆ నాలుగు గంటల మధ్యలో. కొట్టి నెల దాటినా దాని విషం తీగలో ఇంకా పోలేదు. నా పువ్వులో వాలిన ఈగే గోడ దాటి పిన్ని పువ్వులోకి వెళ్ళాలి. అది వెళ్ళలేదు. వెళ్ళడానికి లేదు.

ఆ పువ్వులే తీసుకెళ్ళి పాఠం చెప్పాను. ఏమేం చెప్పానో గుర్తులేదు.

పిన్నికి వెంటనే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ నెలలు గడిపాను. గోడ దగ్గర ఆమె కనిపిస్తే ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మా ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ విని, "ఆవిడకి చెప్పేస్తే పోద్ది కదా. తిడతాది, అంతే కదా" అన్నారు. అంతేనని నాకూ తెలుసు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఆ పాఠంలోనే తప్పు చేశానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

నవంబరులో కోతల పండుగ వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్న పిన్ని తెల్లచీర కట్టుకుని గేటు దాటి వెళ్తుంటే మా గుమ్మం మెట్ల మీద నుంచి చూశాను. చేతిసంచిలో నాలుగు కొబ్బరికాయలున్నాయి. గుమ్మడి లేదు. ఆడపడుచు గుమ్మం ముందు నుంచే వెళ్ళింది, తల తిప్పకుండా. ఆ గుమ్మంలో ఆవిడ కూడా తయారై నిలబడి ఉంది. పిన్ని మలుపు తిరిగిందాకా ఆగి, తర్వాత బయలుదేరింది.

ఆ సాయంత్రం వెళ్ళాను. పిన్ని అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"కూకో అమ్మా" అంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మందు గురించి, ఏడు గంటల గురించి, పువ్వులో దొరికిన ఈగల గురించి. ఏ పువ్వు పుప్పొడి ఏ పువ్వు మీద పడాలో కూడా చెప్పుకొచ్చాను, క్లాసులో చెప్పినట్టే. అంతా అయ్యాక చేతిలో చింతపండు ముద్ద పళ్ళెంలో పెట్టింది.

"అయితే మా ఆడపడుసు ఏలు సూపించినందుకు కాదు."

"కాదు పిన్నీ."

"నీకెప్పుడు తెలిసినాది?"

"సెప్టెంబరులో."

ఆమె లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది. "రెండు నెల్లు" అంది. తిట్టలేదు. చెప్పులేసుకుని నాలుగిళ్ళ అవతలికి నడిచింది. నేను ఆ అరుగు దగ్గర కొంచెంసేపు నిలబడి ఇంటికొచ్చేశాను.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న గోడ మీద మోచేతులు ఆనించింది. పక్కన ఆడపడుచు కూడా ఉంది.

"ఆ సీసా ఏటి సేసినావు?"

"షాపులోనే తిరిగిచ్చేశాను."

"మంచి పని." మా పెరటి వంక చూస్తూ అడిగింది. "ఈగలు మళ్ళీ వస్తాయా?"

"వస్తాయి. మందు లేకపోతే వస్తాయి. రాకపోయినా మనం చేత్తో పెట్టొచ్చు పిన్నీ."

"ఏటి పెట్టడం?"

ఎలాగో చెప్పాను. ఆడపడుచు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పువ్వులకి పెళ్ళి సేత్తాదంట వదినా" అంది. ఆ రోజు నుంచి పిన్నికి నేను మేడమ్‌గోరు కాదు, అమ్మీ.

మూడో ఏడు మేమిద్దరం కలిసి చేశాం. పిన్ని చెప్పినట్టు బూడిద, పిన్ని చెప్పినట్టు పిందె కింద ఎండుగడ్డి, తాటాకు ముక్క. నేను చెప్పినట్టు తెల్లవారి ఆరింటికి మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పసుపుకాడను ఆడపువ్వు నడుమ మెల్లగా రాయడం. మొదటి రోజు పిన్ని మగపువ్వును చేతిలో తిప్పి తిప్పి చూసింది. ఇన్నేళ్ళు సన్నకాడ పువ్వుల్ని ఆమె గొడ్డుపూత అనే అనుకుందట, అంటే పనికిరాని పూత. తీగకు బరువని చాలాసార్లు తుంచి పారేసేదట.

"అదేటమ్మీ, నానూ తప్పు సేసినానా అయితే?"

"కొంచెం" అన్నాను.

"కొంచెమేటి, నలబై ఏళ్ళు" అంది. ఆమె మొహంలో బాధ లేదు. వెంటనే తర్వాతి పువ్వు ఏదో అడిగింది.

ఆడపడుచు కూడా చూడ్డానికి వచ్చేది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. పిందె నిలిచిన చోట గడ్డం ఎత్తి చూపించేది గాని వేలెత్తలేదు. ఆగస్టు రెండోవారానికి తేనెటీగలు వాటంతట అవే వచ్చాయి. మేం ఆరింటికి వెళ్ళేసరికే కొన్ని పువ్వుల్లో ఉండేవి. ఆ చప్పుడు విని పిన్ని, "మన పని తగ్గినాది" అంది. పన్నెండు పిందెలు నిలిచాయి, అటు ఏడు, ఇటు ఐదు.

అయినా ఆ ఏడు కూడా నేను ఒక తప్పు చేశాను. అక్టోబరులో తుపాను హెచ్చరిక వచ్చింది. ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. గాలికి తీగలు చిరిగిపోతాయని భయపడి, గొడుగు పట్టుకుని పెరట్లోకి దిగి నా ఐదు కాయలూ కోసేశాను. కోశాననడం ఎందుకు, మెలితిప్పి పీకేశాను. తొడిమలు తీగకే ఉండిపోయాయి. కాయలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, గోరు నొక్కితే దిగుతోంది. వంటింట్లో వరసగా పెట్టి, ఏదో కాపాడినట్టు హాయిగా పడుకున్నాను. పిన్ని ఒక్కటి కూడా కొయ్యలేదు. కాయల మీద గోనెసంచులు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టిందంతే.

గాలి అటు ఒడిశా వైపు మళ్ళింది. మాకు రెండు రోజులు వాన పడింది. మూడో వారానికి నా కాయల తొడిమ గుంటల్లో బూజు పట్టింది. ఐదింటిలో నాలుగు మెత్తబడ్డాయి. మిగిలిన ఒక్కటి ఆ రోజే వండేశాను. రుచీ పచీ లేదు, సొరకాయలా ఉంది.

పిన్ని వచ్చి చూసి వంటింట్లోనే పీట మీద కూర్చుంది.

"తొడిమ నాలుగు ఏళ్ళ పొడుగు ఒగ్గి కొయ్యాల అమ్మీ. అదే దానికి మూత. తొడిమ ఎండి సెక్కలాగైపోవాల, గోరు దిగకూడదు, అప్పుడు కోస్తే సంకురాత్రి దాటినా ఉంటాది. నీకు సెప్పనేదా నాను?"

"చెప్పలేదు."

ఆలోచించింది. "అవును, సెప్పనేదు. తెలుసనుకున్నాను" అంది.

ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఇద్దరికీ ఎవరి సంగతులు వాళ్ళకు ఎంతగా అలవాటైపోయాయంటే, అవతలి వాళ్ళకు తెలియవేమో అన్న అనుమానమే రాలేదు. ఆ తర్వాత నుంచి నేను సిగ్గుపడకుండా అడగడం మొదలుపెట్టాను. ఎప్పుడు నీళ్ళు ఆపాలి, ఎన్ని కాయలు ఉంచాలి, తీగ కొస ఎక్కడ తుంచాలి. కొన్నింటికి ఆమె దగ్గర జవాబుండేది, కొన్నింటికి "అదలగే సేత్తాం" అన్నదే జవాబు. అలాంటివి ఇద్దరం చేసి చూసేవాళ్ళం. ఒక తీగకు కొస తుంచి, ఒక తీగకు తుంచకుండా. తుంచిన తీగ కాయలే పెద్దవయ్యాయి. ఆ నవంబరులో పిన్ని కాయ చర్చికి వెళ్ళింది. వదినా ఆడపడుచులిద్దరూ బుట్టకు చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళారు. బరువుకే అలా పట్టుకున్నారనుకోండి, అంత కాయ అది.

నాలుగో ఏడు నా పెరట్లో ఆరు కాయలు ముదిరాయి. తొడిమలు ఎండిందాకా ఆగాను. కొడవలితో కోశాను, నాలుగు వేళ్ళ తొడిమ వదిలి. ఒకటి దప్పళానికి, ఒకటి కాలేజీ స్టాఫ్ రూముకు, రెండు వీధిలో వాళ్ళకు పోగా మిగిలిన రెండు ఫిబ్రవరి దాకా మంచం కింద చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ మధ్య స్టాఫ్ రూములో ఎవరికి పాదు ఎండినా, పిందె రాలినా నన్నే అడుగుతున్నారు. ఏ వేళకు మందు కొట్టారని ముందు అడుగుతాను. సగం మంది దగ్గర జవాబు అక్కడే దొరికిపోతుంది.

క్లాసులో కూడా పాఠం చెప్పే తీరు మారింది. పరాగసంపర్కం వచ్చిన రోజు బొమ్మ గీయడానికి ముందు, తేనెటీగల్ని నేనే చంపిన ఆ మూడు ఆదివారాల గురించి చెబుతాను. రైతుల పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్ళు తలెత్తి వినే పాఠం అదొక్కటే అనిపిస్తుంది. ఒకమ్మాయి లేచి, "మా నాన్న కూడా పొద్దున్నే కొడతాడు మేడమ్" అంది. "సాయంత్రం పువ్వు ముడుచుకున్నాక కొట్టమని చెప్పు, కొట్టక తప్పకపోతేనే" అన్నాను. ఆ నాన్న విన్నాడో లేదో తెలియదు.

ఈ ఏడు కొత్త చిక్కు వచ్చింది. నిరుటి కాయలోంచి తీసిన గింజలు గోడకు ఇటూ అటూ పెట్టాం. కాసిన కాయలు నా హైబ్రిడ్‌లా గుండ్రంగా లేవు, పిన్ని నాటుకాయలా పళ్ళెం లాగా గాడులు పడి కూడా లేవు. సొరకాయకు పొట్ట వచ్చినట్టు పొడుగ్గా, కింద లావుగా ఉన్నాయి. తోలు మీద తెల్ల మచ్చలు.

"ఇదేటమ్మీ, ఏ జాతిది ఇది?" అని పిన్ని కాయ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

నిరుడు ఈగలు అటు పువ్వు ఇటు, ఇటు పువ్వు అటు తిరిగాయి కదా, ఆ కలయిక అప్పటి కాయలో కనిపించదు, దాని గింజ నాటితే వచ్చిన కాయలో కనిపిస్తుందని చెప్పాను. విని, "మరి మా అత్త గింజ పోనాదా?" అని అడిగింది. మొదటిసారి ఆమె గొంతులో భయం విన్నాను.

పోలేదు. ఆమె డబ్బాలో పాత గింజలు ఇంకా గుప్పెడు ఉన్నాయి. వాటిలో నాలుగు గింజలు వేరే పాదులో పెట్టించాను. వాటి ఆడపువ్వు మర్నాడు విచ్చుకుంటుందనగా సాయంత్రమే రేకుల కొసలకు దారం కట్టేస్తున్నాం. అదే పాదులోని మగమొగ్గకు కూడా అలాగే. పొద్దున్న ఈగలు రాకముందే దారం విప్పి, చేత్తో రాసి, మళ్ళీ కట్టేస్తున్నాం. ఇది నేను పుస్తకంలో చదివిన పద్ధతే గాని ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి రెండు పువ్వులకు దారం గట్టిగా బిగించి రేకులు చింపేశాను. మూడోది నిలిచింది. కొబ్బరికాయంత అయింది, కింద గడ్డి వేశాం, తొడిమకు గుర్తుగా ఎర్రదారం కట్టాం. ఆ కాయ కూరకు కాదని వీధిలో అందరికీ చెప్పేశాం.

మచ్చల కాయ ఒకటి మొన్న కోసి వండాం. కండ మందంగా ఉంది, తీపి ఎక్కువగానే ఉంది. పిన్ని రెండోసారి వడ్డించుకుంటూ, "దీని గింజ కూడా ఉంచు" అంది. ఉంచాను. కడిగి, బూడిదలో కలిపి, కాగితం మీద ఆరబోశాను. వచ్చే జూన్‌కు నా హైబ్రిడ్, పిన్ని నాటుది, ఈ మచ్చలది, మూడు రకాలకు మూడు పాదులు కావాలి. గోడ పక్కన జాగా సరిపోదు, వెనక వైపు కంప కొట్టించాలి.